తళుకు బట్టల బృందాలు, బొగ్గు ఊళ్లు

పెళ్లి బరాత్ ముందు జరీ అంచు కోట్లు, తురాయి టోపీలు పెట్టుకుని నడిచే బ్యాండ్ మేళాన్ని మనం చూస్తుంటాం. డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం సభల్లో మెరిసే చొక్కాలు తొడుక్కుని సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలనూ చూస్తుంటాం. చప్పట్లు కొడతాం, ఇంటికి వచ్చి మరిచిపోతాం. వాళ్ల గురించి నాలుగు ముక్కలు రాయమని ఎవరైనా అడిగితే, రాయడానికి ఏముంది, హంగే గానీ పాట వాళ్లది కాదు కదా అంటాం. ఆ తీర్పు సరైనది కాదన్నదే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన మాట. బొగ్గు గనుల ఊళ్లలో ఇలాంటి బృందాలకు బట్టలు పైపై అలంకారం మాత్రమే అనుకుంటే అసలు విషయం చేయి జారిపోతుంది. వాళ్ల కళలో పూర్తిగా వాళ్ల సొంతమైన భాగం చాలాసార్లు ఆ బట్టల్లోనే ఉంటుంది. ఈ మాటకు సాక్ష్యాలు సింగరేణి ప్రాంతంలోని కాసిపేట, మందమర్రి, గోదావరిఖనిలో దొరుకుతాయి. అంతకన్నా ముందు, యాభై ఏళ్ల కిందటి బ్రిటన్ బొగ్గు ప్రాంతాల్లోనూ దొరుకుతాయి. అక్కడ గ్లామ్ రాక్ అనే పాటల ఒరవడి వచ్చి, నాలుగైదేళ్లు ఊపేసి వెళ్లిపోయింది. ముందు దాని సంగతి చూద్దాం.

1971 మార్చిలో బీబీసీ టెలివిజన్ పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో మార్క్ బోలన్ అనే గాయకుడు కళ్ల కింద మెరుపు పొడి అద్దుకుని, జిగేల్‌మనే బట్టలతో కనిపించాడు. గ్లామ్ రాక్ అక్కడే మొదలైందని చాలామంది చెబుతారు. మరుసటి ఏడాది డేవిడ్ బౌవీ ఎర్రజుట్టుతో, ముఖానికి రంగుతో, జిగ్గీ స్టార్‌డస్ట్ అనే కల్పిత పాత్రగా వేదిక ఎక్కాడు. వీళ్లిద్దరూ లండన్ వాళ్లు, పత్రికలకు ముద్దుబిడ్డలు. మన వాదానికి వాళ్లకంటే బాగా పనికొచ్చేది స్లేడ్ అనే బృందం. వాళ్లది ఇంగ్లండ్ నడిబొడ్డున బొగ్గు, ఇనుము పరిశ్రమలు నిండిన వుల్వర్‌హాంప్టన్ ప్రాంతం. ప్రధాన గాయకుడు నాడీ హోల్డర్ తండ్రి ఇళ్ల కిటికీ అద్దాలు తుడిచే పని చేసేవాడు. గిటారు వాయించే డేవ్ హిల్ వెండి రంగు బట్టలతో, జానెడు ఎత్తు మడమల బూట్లతో వచ్చేవాడు. 1971 నుంచి 1973 వరకు మూడేళ్లలో బ్రిటన్ అమ్మకాల పట్టికలో వీళ్ల పాటలు ఆరు మొదటి స్థానానికి చేరాయి. హోల్డర్ నెత్తిన ఒక పొడుగు టోపీ ఉండేది. దాని చుట్టూ గుండ్రటి అద్దాలు అతికించి ఉండేవి. స్టేజీ లైటు దాని మీద పడితే వెలుగు ముక్కలు ముక్కలై హాల్లో కూర్చున్న జనం ముఖాల మీదికి వెళ్లేది. ఈ టోపీని గుర్తుంచుకోండి, మన గోండు గూడేల దగ్గరికి వెళ్లినప్పుడు ఇది మళ్లీ పనికొస్తుంది. పాటల విషయానికొస్తే, వాటి నిర్మాణం సులువైనది: దడదడలాడే డ్రమ్ములు, చప్పట్లు, అందరూ గొంతు కలిపే పల్లవి. విని పక్కన పెట్టేయడానికి చేసినవి కావవి, వందల మంది ఒకేసారి అరిచి పాడటానికి చేసినవి.

ఇప్పుడు 1973 చలికాలం చూడండి. అక్టోబరులో చమురు సంక్షోభం మొదలైంది. నవంబరులో బ్రిటన్ బొగ్గు గని కార్మికులు జీతాల కోసం ఓవర్‌టైం మానేశారు. కరెంటుకు కటకట వచ్చింది. 1974 జనవరి 1 నుంచి ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు వారానికి మూడు రోజులే కరెంటు. అంతకుముందే టెలివిజన్ ప్రసారాలను రాత్రి పదిన్నరకే ఆపేయమన్నారు. ఫిబ్రవరిలో గనుల్లో పూర్తి సమ్మె, ఆ నెల 28న ఎన్నికలు, ఆ ఎన్నికల తర్వాత ప్రధాని ఎడ్వర్డ్ హీత్ దిగిపోయాడు. సరిగ్గా ఆ చీకటి నెలల్లోనే తళుకు బట్టల పాటలు ఉచ్చస్థితిలో ఉన్నాయి. 1973 క్రిస్మస్‌కు పట్టిక మొదట నిలిచింది స్లేడ్ పాట. 1974 జనవరి చివరికి ఆ స్థానం మడ్ అనే మరో గ్లామ్ బృందానిది. జనం కష్టాన్ని మరిచిపోవడానికి తళుకు వెంట పడ్డారని పత్రికలవాళ్లు తేల్చేశారు. ఆ వివరణలో నిజం లేకపోలేదు. కానీ మరిచిపోవడానికైతే ఏ మెత్తటి ప్రేమ పాటైనా సరిపోతుంది, అద్దాల టోపీ అక్కర్లేదు. మసి, చీకటి, జీతం కోత ఒక్కసారి కమ్ముకొచ్చినప్పుడు తమలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాడే వేదిక మీద అందరికంటే ఎక్కువగా మెరవడం చూడాలని ఆ జనానికి అనిపించింది. మన దగ్గర ప్రత్యేక తెలంగాణ కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెను తలుచుకోండి. సింగరేణి కార్మికులు నెలకు పైగా బాయి దిగలేదు. బొగ్గు ఆగి, అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా కరెంటు కోతలు వచ్చాయి. ఆ రోజుల్లో ఉద్యమ పాటల ధూం ధాం వేదికలు ఎంత కళకళలాడాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. డప్పు, గజ్జె, రంగు కండువా, గొంగడి అన్నీ కలిసి నడిచాయి. బొగ్గు ఆగినచోట వేషం, పాట విజృంభించడం రెండు దేశాల్లో జరిగింది.

ఒకే ఒక్క ఫొటో ఈ వాదాన్ని నాకంటే బాగా చెబుతుంది. 1973లో డెనిస్ హచిన్సన్ అనే ఫొటోగ్రాఫర్ సౌత్ వేల్స్‌లో ఒక బొగ్గు గని దగ్గర తీశాడు దాన్ని. అందులో ఏడ్రియన్ స్ట్రీట్ అనే మల్లయోధుడు పొడుగాటి తెల్లజుట్టుతో, ముఖానికి రంగుతో, మెరిసే గోదా బట్టలతో, ఎత్తు బూట్లతో నిలబడి ఉంటాడు. పక్కనే అతని తండ్రి, అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికుడు, హెల్మెట్ పెట్టుకుని, ముఖమంతా మసితో. వెనుక తోటి కార్మికులు. 1940లో పుట్టిన స్ట్రీట్ కొంతకాలం గనిలో పని చేసి, పదహారేళ్లకు పారిపోయినట్టుగా లండన్ వెళ్లాడు. పేరు వచ్చాక ఫొటో ఎక్కడ తీద్దామని పత్రికవాళ్లు అడిగితే, తాను వదిలి వచ్చిన గని దగ్గరే తీయించుకున్నాడు. తనను చూసి నవ్విన వాళ్ల ముందు నిలబడాలన్న పంతం అందులో కనిపిస్తుంది. తండ్రి పక్కన నిలబడాలన్న కోరికా కనిపిస్తుంది. ఈ స్ట్రీటే తర్వాత అమెరికా వెళ్లి, 1980లలో పైల్ డ్రైవర్స్ అనే బృందంతో ఒక రికార్డు కూడా చేశాడు. గ్లామ్ పాటలు, మల్లయుద్ధం కలగలిసిన ఆ రికార్డు బయట పెద్దగా ఎవరికీ తెలియదు. 2023లో స్ట్రీట్ చనిపోయినప్పుడు లోకం గుర్తు చేసుకున్నది ఆ ఫొటోనే. టర్నర్ బహుమతి పొందిన కళాకారుడు జెరెమీ డెల్లర్ దాని చుట్టూ 2010లో ఒక సినిమా కూడా తీశాడు. మసి బట్ట, తళుకు బట్ట ఒకే ఇంట్లోవని అంత సూటిగా చూపిన బొమ్మ నాకు ఇంకొకటి తెలియదు.

పేరు రాని బృందాల సంగతికి వద్దాం. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నుంచి వచ్చిన ఐరన్ వర్జిన్ అనే బృందం కథ మనకు పాఠంలా పనికొస్తుంది. వాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలా భుజాలకు మెత్తలు పెట్టిన బట్టలు వేసుకునేవారు. ప్రధాన గాయకుడు నడుముకు ఇనుప పట్టీ బిగించుకుని, దాని మీద 'ప్రవేశం లేదు' అన్న బోర్డు తగిలించుకునేవాడు. కొంటెతనమే గానీ, ఒకసారి చూసినవాడు మరిచిపోడు. 1974లో డెక్కా కంపెనీకి చెందిన డెరమ్ పేరు మీద వాళ్ల మొదటి రికార్డు వచ్చింది. అది పాల్ మెకార్ట్నీ బృందం వింగ్స్ ఆల్బంలోని 'జెట్' అనే పాట. అసలువాళ్లు దాన్ని విడి రికార్డుగా ఇంకా తేలేదు కాబట్టి, ముందుగా తెచ్చి పేరు కొట్టేద్దామన్నది ఎత్తు. ఆ రోజుల్లోనే వింగ్స్ తామే దాన్ని విడిగా విడుదల చేసింది. అది బ్రిటన్ పట్టికలో ఏడో స్థానం దాకా వెళ్లింది, ఐరన్ వర్జిన్ రికార్డు అడుగున పడిపోయింది. అదే ఏడాది 'రెబెల్స్ రూల్' అని సొంత పాట తెచ్చారు. కుర్రకారు జట్టుగా పిడికిళ్లు బిగించి అరవడానికి వీలుగా కట్టిన పాట అది. అదీ అమ్ముడుపోలేదు. కొద్ది కాలానికే బృందం విడిపోయింది. 1975 దాటేసరికి గ్లామ్ గాలే తగ్గిపోయింది, ఇలాంటి పదుల బృందాల రికార్డులు పాత సామాన్ల దుకాణాల్లో దుమ్ము పట్టాయి. దాదాపు ముప్పై ఏళ్లకు, 2003లో బాబ్ స్టాన్లీ, ఫిల్ కింగ్ అనే ఇద్దరు సంగీతకారులు అలాంటి ఇరవై పాటలను ఏరి 'వెల్వెట్ టిన్‌మైన్' అనే సంకలనం తెచ్చారు. 'రెబెల్స్ రూల్' అందులో ఉంది. 1974లో ఎవరూ కొనని పాటను కొత్త తరం వెతుక్కుని విన్నది. ఈ రోజు ఐరన్ వర్జిన్ గురించి రాసేవాడు ఆ ఫుట్‌బాల్ బట్టల సంగతి ముందు చెప్పి, పాట సంగతి తర్వాత చెబుతాడు. అది పాటను చిన్నచూపు చూడటం అనుకోకండి. ఆ బృందం తన గురించి తాను ఏమనుకుందో ఆ బట్టలు చెబుతాయి.

దీనికి మొదటి అభ్యంతరం నకలు గురించి. ఐరన్ వర్జిన్ ఎవరిదో పాట పాడింది, మన ఆర్కెస్ట్రాలు ఇళయరాజా పాటో చక్రవర్తి పాటో పాడతాయి, ఇందులో సొంతమేది? ప్రశ్న సబబైనదే, జవాబు కూడా ఆ ప్రశ్నలోనే ఉంది. పాట వేరేవాళ్లది కాబట్టి, ఆ బృందానికి తనదంటూ మిగిలేది పాట చుట్టూ ఉన్నదే. ఏ పాట తర్వాత ఏ పాట వేయాలి, మధ్యలో యాంకర్ ఏ ఊరి వాళ్లను ఆటపట్టించాలి, కీబోర్డు ఒక్కటే ఉన్నప్పుడు వయొలిన్ల వరుసను ఎలా సర్దాలి, గాయకుడు ఏ చొక్కాతో వస్తే వెనుక వరుస కుర్రాళ్లు ఈల వేస్తారు అన్న లెక్కలన్నీ వాళ్లవే. 1980లలో క్యాసెట్లు వచ్చాక జానపదం పాడేవాళ్లకు కొంత దారి దొరికింది, వాళ్ల గొంతు వాళ్ల పేరుతో బజారుకెక్కింది. ఆర్కెస్ట్రాలకు ఆ దారి లేదు. అసలు పాట క్యాసెట్టు పక్క కొట్లోనే దొరుకుతుంటే నకలు ఎవరు కొంటారు? పైగా వాళ్ల సొంత సరుకు చెవికంటే కంటికి ఎక్కువ కనిపించేది, క్యాసెట్టు దాన్ని పట్టలేదు. వాళ్ల జాడ అంత తొందరగా చెరిగిపోవడానికి కారణం ఇది, ప్రతిభ తక్కువై కాదు.

రెండో అభ్యంతరం మన ప్రాంతం వాళ్లు తప్పకుండా వేసేదే, నేనూ గట్టిగా పట్టించుకునేదే. కార్మిక క్షేత్రంలో పాట అంటే పోరాట పాట. 1972లో పుట్టిన జన నాట్య మండలి, దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య, గద్దర్ — వీళ్ల తోవలో తళుకుకు చోటేదీ అని. నిజమే, ఆ పాటల పక్కన ఏ ఆర్కెస్ట్రానూ నిలబెట్టి తూచలేం, తూచాల్సిన పనీ లేదు. కానీ గద్దర్ వేదిక ఎక్కిన తీరు ఒకసారి కళ్లకు కట్టుకోండి. పైన చొక్కా లేదు, భుజాన నల్ల గొంగడి, గోచి పంచె, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. అది ఇంట్లో ఉన్నట్టుగా అలాగే వచ్చేసిన మనిషి రూపం అనుకుంటే పొరపాటు. బ్యాంకు ఉద్యోగం చేసిన, ఇంజనీరింగ్ చదువుకు వెళ్లిన మనిషి ఆలోచించి ఎంచుకున్న వేషం అది. గొల్ల కాపరి గొంగడి వేదిక మీదికి రావడంతోనే పాట ఎవరి తరఫునో ఒక్క మాట లేకుండా తెలిసిపోయింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూం ధాం కూడా బట్టల విషయంలో అంతే శ్రద్ధ చూపింది. కాబట్టి తళుకుకు, గొంగడికి తేడా ఏ పక్షం ఎంచుకున్నారన్న దగ్గర ఉంది. వేషం వేశారా లేదా అన్న దగ్గర లేదు. పోరాట పాట వేషాన్ని కళగా ఒప్పుకుని, బ్యాండ్ మేళం వేషాన్ని హంగు అని కొట్టేస్తే అది న్యాయమైన కొలత కాదు.

తళుకు వెనుక మోసం కూడా ఉంటుంది కదా అని ఇంకొక మాట వస్తుంది. ఉంటుంది. స్లేడ్ కూడా మొదట్లో మేనేజరు చెప్పాడని గుండు గీయించుకుని మరో రూపంలో తిరిగినవాళ్లే. గ్లామ్ తారల్లో గ్యారీ గ్లిట్టర్ పిల్లల మీద చేసిన నేరాలకు జైలుకు వెళ్లాడు, ఆ పేరు వింటే ఇప్పుడు బ్రిటన్‌లో ఎవరూ నవ్వరు. తెర వెనుక కంపెనీలు తిన్న లాభాలు వేరే కథ. ఇవన్నీ వ్యాపారం మీద, మనుషుల మీద వేయవలసిన నేరాలు. మెరిసే బట్ట మీద వేస్తే అసలు నేరస్తులు తప్పించుకుంటారు.

ఇక చివరి అభ్యంతరం: ఇదంతా దిగుమతి సరుకు, సినిమా ద్వారా వచ్చింది, మన నేలది కాదు అన్నది. ఇక్కడే కాసిపేట ముందుకొస్తుంది. ఈ మండలంలో బొగ్గు గనులున్నాయి, దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, వాటి పక్కనే గోండు, కొలాం గూడేలున్నాయి. దీపావళి రోజుల్లో దండారి నృత్య బృందాలు గూడెం నుంచి గూడేనికి వెళ్తాయి, వాటితో గుస్సాడీలు ఉంటారు. గుస్సాడీని దగ్గరగా చూస్తే, నెత్తిన వందలాది నెమలి ఈకలు గుచ్చిన పెద్ద టోపీ, దాని చుట్టూ మెరిసే అద్దాలు, భుజాన జింక తోలో మేక తోలో, ఒంటికి బూడిద, నడుముకు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. డప్పు, డోలు, తుడుం, పేప్రే మోగుతుంటే అడుగు పడుతుంది, ఎండలో అద్దాలు చూసేవాళ్ల కళ్ల మీదికి వెలుగు విసురుతాయి. నాడీ హోల్డర్ టోపీ తయారు కావడానికి ఎన్నో తరాల ముందే ఈ అద్దాలు ఇక్కడ మెరిశాయి. 1940లలో మార్లవాయిలో ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ రాజగోండుల జీవితాన్ని గ్రంథస్థం చేశాడు. అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు. గుస్సాడీ దైవకార్యం, దాన్ని ఒక రాక్ బృందంతో ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. నేను ఎత్తి చూపేది ఒక్క సంగతి. దండారి బయలుదేరే ముందు ఆ నెమలి టోపీలను, గజ్జెలను, డోళ్లను ఒకేచోట పెట్టి పూజ చేస్తారు. వేసుకునేదాన్ని, వాయించేదాన్ని వాళ్లు వేరుచేసి చూడరు. పాట వేరు, బట్ట వేరు అన్న తీర్పు మన పట్టణపు చదువుల్లోంచి వచ్చిందే గానీ ఈ అడవుల్లోంచి రాలేదు. ఒగ్గు కథలో చీర కట్టి ఆడవేషం వేసే మగవాళ్లను, చిందు యక్షగానంలో వేషధారణతోనే పేరు గడించిన చిందు ఎల్లమ్మను గుర్తు చేసుకుంటే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది.

మూడు షిఫ్టుల ఊళ్లలో ఈ మాటకు ఇంకో పక్క ఉంది. బాయిలోకి దిగేటప్పుడు అందరికీ ఒకే హెల్మెట్, ఒకే క్యాప్ ల్యాంప్, ఒకే బూట్లు. పైకి వచ్చేటప్పుడు అందరి ముఖాలకూ ఒకే రంగు. ఎవరు ఎవరో గొంతు వింటే గానీ తెలియదు. భద్రత కోసం అది తప్పనిసరి, అందులో వంక పెట్టడానికి లేదు. అలాంటి పనిచోటు ఉన్న ఊళ్లో సాయంత్రం పూట ఒకడు ఎర్ర శాటిన్ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడితే, జనం చూసేది వాడి గొంతును ఒక్కదాన్నే కాదు. మిగతా అందరినుంచీ వేరుగా కనపడే హక్కును చూస్తారు. వేల్స్ గని దగ్గర ఏడ్రియన్ స్ట్రీట్ అడిగింది కూడా అదే. ఓపెన్ కాస్టులు పెరిగి, భూగర్భ గనులు మూతపడుతున్న కొద్దీ ఆ పాత కాలనీలు ఖాళీ అవుతున్నాయి. బరాత్‌ల ముందు బ్యాండ్ మేళం ఉన్నచోట ఇప్పుడు డీజే బండి ఉంది. ఆర్కెస్ట్రాలో పాడినవాళ్లు రిటైరై ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఫోన్లలో వీడియోలు ఉన్నాయి కదా అని కొందరంటారు. ఫోన్లు వచ్చాకే ఉన్నాయి, అంతకుముందు నలభై ఏళ్లకు లేవు. ఉన్నవాటిలో కూడా ఎవరు పాడారో, ఎక్కడో, ఎప్పుడో ఉండదు.

అందుకే ఒక విన్నపం. మీ ఇళ్లలో, మీ కాలనీల్లో ఇలాంటి బృందాల ఫొటోలు, కార్యక్రమాల కరపత్రాలు, పాటల వరుస రాసుకున్న నోటు పుస్తకాలు, మడతపెట్టి దాచిన జరీ కోట్లు ఉండే ఉంటాయి. బట్టలను పారేయకండి. ఫొటో వెనుక మనుషుల పేర్లు, ఊరు, ఏడాది పెన్సిలుతో రాసి పెట్టండి, పెన్ను సిరా ముందువైపుకు ఊరుతుంది. పాడినవాళ్లు బతికి ఉంటే ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేసి, ఏ పాటకు ఏ చొక్కా వేసేవారో కూడా అడగండి. స్థానిక గ్రంథాలయానికో, కాలేజీ తెలుగు శాఖకో ఒక ప్రతి ఇవ్వండి. సింగరేణి దినోత్సవం సభల్లో ఒక గోడ ఈ బృందాల ఫొటోలకు కేటాయించమని నిర్వాహకులను అడగండి.